ఆలూ ఉంది, చూలూ ఉంది, సోమలింగానికే తొందర

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మియాపూర్‌లో అద్దె ఫ్లాట్, ముప్ఫై ఏళ్ల నాటి బిల్డింగ్. మా ఆవిడకి ఎనిమిదో నెల. శ్రీమంతం చేసి నరసరావుపేట తీసుకెళ్లారు. ఒక్కణ్నే ఉన్నాను కదా, తను తిరిగొచ్చేసరికి రెండో బెడ్‌రూమ్‌ని పాపాయి గదిగా మార్చి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. వీడియోలు చూసి పనంతా నేనే చేశాను. గోడల మీదా, తలుపుల మీదా ఉన్న పాత రంగుని ఎమరీ పేపర్‌తో గీకేసి కొత్త రంగు వేశాను. పుట్టిన పిల్లల మెదడుకి మంచిదన్నారని ఒక గోడకి నలుపు తెలుపు చారలు వేశాను. మిగతావి నీలం, ఎందుకంటే చైనా క్యాలెండర్ పట్టికలో మాకు అబ్బాయని వచ్చింది. తలుపు మీద ‘మై ప్రిన్స్’ స్టిక్కర్ అంటించాను. చెక్క క్రిబ్, దాని చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు, ఆవాల దిండు, ఉప్పు దీపం, నిద్ర పట్టడానికి ఒకేలా హోరుమనే శబ్దం చేసే వైట్ నాయిస్ మిషన్ తెప్పించాను. గాలి శుభ్రపడుతుందని పది మొక్కలు పెట్టాను. అమ్మ ఊరినుంచి పంపిన మెత్తటి పాత పంచెలు, నా చిన్నప్పటి బొంత అలమారలో కలరా ఉండలు వేసి సర్దాను. వాసన రాకూడదని ఒక వీడియోలో చెప్పినట్టు పెయింట్‌లో కర్పూరం, వేపనూనె కలిపాను, మూలల్లో ఉల్లిపాయ చెక్కలు పెట్టాను. రెండు వారాలైనా వాసన పోలేదు, ఆ గదిలో కూర్చుంటే తలనొప్పి వస్తోంది. మొన్న వీడియో కాల్‌లో గది చూపిస్తే మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా ఫోన్ వాళ్లమ్మకి ఇచ్చేసింది. అత్తయ్యగారేమో “బిడ్డ పుట్టకుండా ఉయ్యాల కొంటారటండీ అల్లుడుగారూ” అన్నారు. రంగు మార్చాలా? ఏ వీడియోని నమ్మాలి? మా ఆవిడ సంతోషపడాలంటే ఇంకేం చేయాలి?

జవాబు: ముందు ఆ గది కిటికీలన్నీ తెరవండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే వేయండి, మీరు వేరే గదిలో పడుకోండి. మిగతా ఉత్తరం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఏ పెయింట్ వాడారో మీరు రాయలేదు. రెండు వారాలకీ వాసన పోలేదంటే, తల నొప్పెడుతోందంటే, తలుపులకీ గ్రిల్స్‌కీ వేసే ఆయిల్ పెయింట్‌నే టర్పెంటైన్‌లో కలిపి గోడలకీ వేసి ఉంటారని నా అనుమానం. అందులోని ద్రావకం ఆవిరవుతూ ఉంటుంది, ఆ ఆవిరే మీ తలనొప్పి. నీళ్లలో కలిపే ఎమల్షన్ అయితే ఇంత బాధ ఉండదు. పైగా వేపనూనె అంత తొందరగా ఆరే నూనె కాదు. పెయింట్‌లో పోస్తే పొర గట్టిపడక జిగటగా ఉండిపోతుంది, దాని సొంత వాసన వేరే. కర్పూరం చేసేది వాసన మీద ఇంకో వాసన వేయడమే. ఉల్లిపాయ చెక్కలు దేన్నీ పీల్చుకోవు, వాటిని పారేయండి. రంగు వాసనకి మందు గాలి ఒక్కటే. గోడ మీద వేలు పెట్టి చూడండి, ఇంకా అంటుకుంటోందంటే పెయింటర్‌ని పిలిచి ఆ పొర తీయించక తప్పదు. ఈసారి మీరు గీకకండి. అలా ఎందుకంటున్నానో చెబుతాను.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది వాసన కాదు, ఎమరీ పేపర్. ముప్ఫై ఏళ్ల నాటి బిల్డింగ్ అన్నారు. అప్పటి ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో, సీసం ధారాళంగా కలిపేవారు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు ఏదైనా సరే, అందులో సీసం ఉందనుకుని నడుచుకోవడమే మంచిది. గోడకి అంటుకుని ఉన్నంతసేపు అది ఎవరి జోలికీ రాదు. పొడిగా గీకితే మాత్రం పిండిలాంటి ధూళి అయి ఫ్యాన్ రెక్కల మీద, కిటికీ చట్రాల్లో, నేల పగుళ్లలో, కర్టెన్లలో చేరుతుంది. రేపు మీ బిడ్డ పాకుతూ ఆ నేల మీద చేతులు పెట్టి, ఆ చేతుల్ని నోట్లో పెట్టుకుంటుంది. సీసం పిల్లల మెదడుని దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫర్వాలేదు అని చెప్పగలిగే మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గర్భిణి పీలిస్తే కడుపులో బిడ్డకీ చేరుతుంది. మీ ఆవిడ ఈ నెలంతా మియాపూర్‌లో లేకపోవడం మీ అదృష్టం.

చీపురు పట్టకండి, మామూలు వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు, రెండూ ధూళిని లేపేవే. మాస్క్ కట్టుకుని, సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో పైనుంచి కిందికి తుడుచుకుంటూ రండి: ముందు ఫ్యాన్, తర్వాత కిటికీ చట్రాలు, తలుపుల పైఅంచులు, స్కర్టింగ్, చివరికి నేల. నీళ్లు మాటిమాటికీ మార్చండి. గుడ్డలు ఉతికి దాచుకోకుండా కవర్లో కట్టి పారేయండి. ఇదంతా ఒక్కసారితో సరిపోదు, కొన్నాళ్లపాటు తడిగుడ్డతోనే తుడవాలి. ఆ రోజుల్లో మీరు వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి. మళ్లీ రంగు వేయించాల్సి వస్తే డబ్బా మీద సీసం 90 పీపీఎం లోపు అని ఉందో లేదో చూసి నీళ్ల ఎమల్షన్ తీసుకోండి. ఆ నిబంధన ఇంటి రంగులకే. గేట్లకీ యంత్రాలకీ వాడే ఇండస్ట్రియల్ పెయింట్ మిగిలింది కదా అని ఎవరైనా ఇస్తే క్రిబ్‌కి పూయకండి.

తర్వాత అలమార తెరవండి. ఆ కలరా ఉండలు తీసి ఇంట్లోంచే బయటికి పంపేయండి. వీటి గురించి గది అలంకరణ వీడియోల్లో ఎవరూ చెప్పరు, వీడియోలో అలమార తలుపు మూసే ఉంటుంది కాబట్టి. అవి నాఫ్తలీన్. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. చూస్తే తెలియదు, తల్లిదండ్రులకీ తెలిసి ఉండదు. అలాంటి బిడ్డని నాఫ్తలీన్ వాసన పట్టిన బట్టల్లో చుడితే ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు ముదురుతాయి, మెదడు దాకా వెళ్లే ప్రమాదం ఉంది. మీ అమ్మగారు పంపిన పాత పంచెలకి మించిన పొత్తిగుడ్డలు ఏ దుకాణంలోనూ దొరకవు, వాటిని పారేయమనడం లేదు. బాగా ఉతికి, ఎర్రటి ఎండలో ఆరేసి, వాసన పూర్తిగా పోయేదాకా మళ్లీ మళ్లీ అలాగే చేయండి. బొంత విప్పదీసి దూది మార్పించండి. నరసరావుపేటలో అత్తయ్యగారు సిద్ధం చేస్తున్న బట్టలు కూడా ఏ బీరువాలోంచి వచ్చాయో మర్యాదగా ఒక మాట అడగండి. కర్పూరం కూడా బిడ్డ అందుకునే చోట ఉండకూడదు. జలుబు చేస్తే మూటకట్టి వాసన చూపించమనే వీడియో మీకు త్వరలోనే ఎదురవుతుంది, దాన్ని దాటేయండి. కర్పూరం కొంచెం నోట్లోకి పోయినా పసిపిల్లలకి ఫిట్స్ రావచ్చు.

ఇక గది. ఆ గదిలో బిడ్డ ఎప్పుడు పడుకుంటుందో లెక్క వేశారా? కాన్పు నరసరావుపేటలో, బారసాల అక్కడే. మూడో నెలకో, టీకాలూ మంచిరోజూ చూసుకుని ఐదో నెలకో తీసుకొస్తారు. వచ్చాక కూడా ఆ గదిలో ఒంటరిగా పడుకోదు, పడుకోకూడదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో ఇచ్చిన సలహా ప్రకారం కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, వాళ్ల మంచం పక్కన, తనకంటూ వేరే పక్క మీద పడుకోవాలి. పిల్లలకి ప్రత్యేకంగా గది అలంకరించాలన్న సరదా ఎక్కడినుంచి మనకొచ్చిందో అక్కడి పిల్లల డాక్టర్లే బిడ్డని ఆ గదిలో ఒంటరిగా పెట్టొద్దంటున్నారు. మీరు చూసిన వీడియోలు ఈ ముక్క మింగేశాయి. కాబట్టి తొందరపడి పూర్తి చేయాల్సిన పని ఏమీ లేదు. క్రిబ్‌ని మాత్రం వాళ్లు వచ్చేనాటికి మీ బెడ్‌రూమ్‌లోకి, ఆవిడ పడుకునే వైపుకి మార్చండి.

ఆ క్రిబ్‌లో గట్టి పరుపు, దానికి బిగుతుగా తొడిగిన దుప్పటి, బిడ్డ. అంతే. బంపర్లు విప్పేయండి. మెత్తటి దిండుకి ముక్కు ఆనుకుంటే పక్కకి తిప్పుకునే బలం పసిబిడ్డ మెడకి ఉండదు. అమెరికాలో 2022లో చట్టం చేసి మరీ ఈ బంపర్ల అమ్మకాన్ని నిషేధించారు. వాళ్లు అమ్మడం మానేసిన సరుకుని మనకి ‘అమెరికన్ స్టయిల్’ అని అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. ఆవాల దిండుతో తల గుండ్రంగా వస్తుందన్నది కూడా నమ్మకమే. తలకి ఆకారం తెచ్చే దిండ్లు వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లోనే హెచ్చరించింది, ఊపిరాడక పోయే ప్రమాదం ఉందని. ఆవాలైనా, దూదైనా, మెమరీ ఫోమ్ అయినా ఏడాది లోపు బిడ్డకి దిండే అక్కర్లేదు. వెల్లకిలా పడుకోవడం వల్ల తల వెనక కాస్త చదునైతే, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్లెదుట కాసేపు బోర్లా పడుకోబెట్టండి, ఎత్తుకుని తిప్పండి. చాలామందికి అదే సర్దుకుంటుంది. నిద్రపుచ్చేది మాత్రం వెల్లకిలానే. అమెరికాలో 1994లో ఈ ఒక్క మాట మీద పెద్ద ప్రచారం చేశాక, నిద్రలో హఠాత్తుగా పోయే పసిపిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది. క్రిబ్ కమ్మీల మధ్య సందు ఆరు సెంటీమీటర్లు మించకూడదు. కూల్‌డ్రింక్ టిన్ను అడ్డంగా పెట్టి చూడండి, దూరిందంటే ఆ క్రిబ్ వెనక్కి పంపించేయండి. పరుపుకీ చట్రానికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత జాగా ఉన్నా ఎక్కువే.

మన ఇళ్లలో ఇదంతా ఇంత పద్ధతిగా జరగదని నాకూ తెలుసు. అర్ధరాత్రి పాలిస్తూ తల్లి అలాగే నిద్రపోతుంది, బిడ్డ పక్కలోనే ఉండిపోతుంది. అలాంటి రాత్రి కోసం మీ మంచాన్ని కూడా సిద్ధం చేసుకోండి: గట్టి పరుపు, బిడ్డ దరిదాపుల్లో దిండూ రజాయీ లేకుండా, గోడకీ మంచానికీ మధ్య సందు లేకుండా. మందు తాగిన మనిషి, సిగరెట్ అలవాటున్న మనిషి ఆ మంచం మీద ఉండకూడదు. సోఫాలో బిడ్డని గుండెల మీద వేసుకుని కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదం, తండ్రులు ఎక్కువగా చేసేది అదే. చీర ఉయ్యాల కడితే పగలు, పక్కన మనిషి కూర్చుని ఉన్నంతసేపే. అందులో బిడ్డ మెడ ముందుకి వంగి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి ఆడదు. రాత్రంతా అందులో వదిలేయకండి.

చారల గోడ విషయంలో వీడియో చెప్పింది పూర్తి అబద్ధం కాదు. పుట్టిన బిడ్డకి నలుపు తెలుపు తేడా బాగా పట్టుబడుతుంది. కానీ కనిపించేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే. పాలు తాగుతున్నప్పుడు తల్లి మొహం ఉండే దూరం అది. ఆ వయసులో గది అవతలి గోడ దానికి వట్టి మసక. ఇక ఐదో నెలలో మియాపూర్ వచ్చేసరికి రంగులన్నీ దాదాపు మనలాగే కనిపిస్తాయి, చారలతో పనే ఉండదు. గోడ మీకు నచ్చితే ఉంచుకోండి, అది బిడ్డ కోసం అనుకోకండి.

మొక్కలు: 1989లో నాసా గాలి చొరబడని పెట్టెల్లో మొక్కలు పెట్టి చేసిన ప్రయోగాన్ని పట్టుకుని ఇప్పటికీ అమ్ముతున్నారు. ఆ తరహా ప్రయోగాలన్నిటినీ 2019లో తిరగేసి చూసినవాళ్లు, మామూలు ఇంట్లో వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చేయాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 దాకా కావాలని తేల్చారు. వాటిని బాల్కనీలో పెట్టండి, కింద పళ్లేల్లో నీళ్లు నిలవనీయకండి, డెంగీ దోమకి అదే పురిటిగది. ఉప్పు దీపం వానాకాలంలో చెమర్చి బల్ల పాడుచేయడం తప్ప చేసేదేమీ లేదు. రాత్రి పాలివ్వడానికి లేవాలంటే చిన్న బెడ్‌లైట్ చాలు. వైట్ నాయిస్ మిషన్లు 14 తీసుకుని పూర్తి శబ్దం పెట్టి 2014లో పరీక్షిస్తే, 30 సెంటీమీటర్ల దూరంలో మూడింటి మోత 85 డెసిబెల్స్ దాటింది. అంత మోతలో ఫ్యాక్టరీ కార్మికులనే చెవులు కాపాడుకోమంటారు. మీ సీలింగ్ ఫ్యాన్ చేసే శబ్దం సరిపోతుంది.

ఏసీ గురించి మీరు అడగలేదు గానీ, పిల్లల గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలన్న వీడియో మీకు తగిలే ఉంటుంది. అది బ్రిటన్ వాళ్ల సలహా, అక్కడి చలికీ, అక్కడ బిడ్డకి తొడిగే బట్టలకీ సరిపోయేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు గదినే 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంచమంటుంది. మీరు 26 దగ్గర పెట్టి, ఏసీ గాలి నేరుగా తగలకుండా చూసి, బిడ్డ వీపు ముట్టుకుని చూడండి. చెమట పట్టిందా, చల్లగా ఉందా వీపే చెబుతుంది. చేతులూ కాళ్లూ మామూలుగానే చల్లగా ఉంటాయి.

దోమలకి తెరే మేలు. ఒక మస్కిటో కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్లకి సమానమని 2003లోనే లెక్కగట్టారు. అదే కారణంతో సాంబ్రాణి పొగ కూడా బిడ్డ ఉన్న గదిలో వద్దు. అత్తయ్యగారితో దీని మీద వాదం పెట్టుకోకండి, “డాక్టర్‌గారు వద్దన్నారండీ” అంటే సరి. దేవుడి గదిలో వేసుకోమనండి.

ఇప్పుడు నీలం దగ్గరికి వద్దాం. మీరు వెనక పెట్టి రాసినా మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఇదే.

‘ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం’ అని మనకో సామెత. మీకు ఆలూ ఉంది, చూలూ ఉంది, సోమలింగం వస్తాడని మాత్రం ఒక పట్టిక చెప్పింది. తల్లి వయసూ, గర్భం దాల్చిన నెలా చూసి ఆడో మగో చెప్పే ఆ చైనా క్యాలెండర్‌ని స్వీడన్‌లోని దాదాపు 28 లక్షల కాన్పుల రికార్డులతో 2010లో పోల్చి చూశారు. బొమ్మా బొరుసా వేస్తే ఎంత నిజమవుతుందో అంతే నిజమైంది. నూటికి యాభై సార్లు కరెక్టుగా చెప్పే జోస్యుడికి వ్యాపారం ఎప్పుడూ బాగానే ఉంటుంది, నిజమైన యాభై మందే కింద కామెంట్లు పెడతారు కాబట్టి.

మీరు సరదాకి చూశారని ఒప్పుకుంటాను. ఆవిడ వైపు నుంచి చూడండి. పుట్టకముందే ఆడో మగో చెప్పించుకోవడాన్ని మన దేశంలో 1994లో చట్టం చేసి నేరమనాల్సి వచ్చింది. ఆ చట్టం ఎందుకు అవసరమైందో ప్రతి తెలుగు ఆడపిల్లకీ తెలుసు, చుట్టాల్లోనో, ఇరుగుపొరుగునో చూసే ఉంటుంది. కడుపులో ఎవరున్నారో తెలియదు, మార్చడం తన చేతుల్లో లేదు. ఇంకో నెలలో కాన్పు. ఇలాంటప్పుడు ఫోన్‌లో మొగుడు నవ్వుతూ మూడు నీలం గోడలు, తలుపు మీద ‘మై ప్రిన్స్’ చూపించాడు. అమ్మాయి పుడితే ఆ గదిలోకి ఏ మొహంతో తీసుకెళ్లాలి? మీరు అబ్బాయే కావాలని అనలేదు, నిజమే. గోడ అంది. ఆవిడ మీతో దెబ్బలాడి ఉంటే నేనింత గట్టిగా చెప్పేదాన్ని కాదు. ఏమీ మాట్లాడలేదన్నారు చూడండి, అందుకే చెబుతున్నాను.

స్టిక్కర్ ఈ రాత్రే పీకేయండి, దానికి ఎవర్నీ అడగక్కర్లేదు. జిగురు మిగిలితే కాస్త కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి తుడవండి. రంగు మాత్రం మీ అంతట మీరు మార్చకండి. నీలం తీసి గులాబీ వేయడం కూడా ఇంకో జోస్యమే. ఆవిడకి ఏ రంగు కావాలో అడగండి. నీలమే ఉండనీ అంటే ఉంచేయండి, నీలం అబ్బాయిల సొత్తు కాదు. మార్చమంటే ఐదో నెల దాకా బోలెడంత వ్యవధి ఉంది, వాళ్లు రావడానికి నెల ముందే పని ముగించి గాలి ఆడనిస్తే చాలు. అసలు ఆశ్చర్యపరచాలన్న ఆలోచన దగ్గరే పొరపాటు జరిగింది. తన బిడ్డ ఉండే గది గురించి ఒక్క మాట కూడా చెప్పే వీలు లేకుండా అయిపోయింది ఆవిడకి. నిజంగా సంతోషపెట్టాలంటే క్షమాపణ ఫోన్‌లో కాదు, శుక్రవారం రాత్రి నరసరావుపేట బస్సెక్కి వెళ్లి చెప్పండి. “నాకు ఎవరైనా ఒకటే” అని ఊరుకోకండి, అది అందరూ అనే మాటే. ఆవిడ పక్కన కూర్చుని అమ్మాయి పేర్లు నాలుగు రాయండి.

అత్తయ్యగారి మాటని చాదస్తమని తోసేయకండి. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే పోయేవారు. 2023 లెక్కల్లో అది 25కి తగ్గింది. ముందే కొన్న ఉయ్యాల ఖాళీగా మిగిలిపోయిన ఇళ్లని ఆవిడ తరం, వాళ్లమ్మ తరం కళ్లారా చూశారు. ఆ భయం అలా ఆచారమైంది. క్రిబ్ వెనక్కి పంపక్కర్లేదు. విడి భాగాలుగా విప్పి పెట్టెలో పెట్టి, “బిడ్డ పుట్టాకే బిగిస్తానండీ” అని ఆవిడకి చెప్పండి. మీకు పోయేదేమీ లేదు, ఆవిడ మనసు కుదుటపడుతుంది.

ఏ వీడియోని నమ్మాలి అన్నారు. నేను రెండు మూడు సంగతులు చూస్తాను. కింద కొనడానికి లింక్ ఉందా? డబ్బు తీసుకుని చెబితే ప్రకటన అని స్పష్టంగా రాయాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లో నియమం పెట్టింది, రాసేవాళ్లు ఎందరో మీరే చూస్తున్నారు. ఎన్ని నెలల బిడ్డకో చెబుతున్నారా, లేక ‘బేబీ’ అని వదిలేస్తున్నారా? పుట్టిన బిడ్డకీ తొమ్మిది నెలల బిడ్డకీ పోలికే లేదు. ఏ ఊరి వాతావరణానికి చెబుతున్నారు? ఇక ఫలానాది తీసేయమని చెప్పే వీడియోని, ఫలానాది కొనమనే వీడియోకన్నా కాస్త ఎక్కువ నమ్ముతాను. తీసేయమంటే ఎవరికీ కమీషన్ రాదు. పిల్లల ఒంటికీ, నిద్రకీ సంబంధించిన ఏ సలహా అయినా టీకాలు వేసే డాక్టర్ దగ్గర ఒక్కసారి అడిగి తేల్చుకోండి.

చేతులు ఖాళీగా ఉంచుకోలేకే ఇదంతా చేశారని అర్థమైంది. ఆవిడ అక్కడ మోస్తోంది, మీరు ఇక్కడ ఏదో ఒకటి మోయాలనుకున్నారు. చేయాల్సినవి లేకపోలేదు. ఎత్తయిన అలమార, పుస్తకాల రాక్ ఎల్ క్లాంపులతో గోడకి బిగించండి, ఇంటి ఓనర్‌ని అడిగి. బిడ్డ లేచి నిలబడే రోజుకి అవి మీద పడకూడదు. కిటికీ బ్లైండ్స్ తాళ్లు పైకి కట్టేయండి. ఎవరైనా వాకర్ కానుకగా ఇస్తే అటకెక్కించండి, కెనడాలో 2004 నుంచి వాటిని అమ్మడమే నేరం. ఆవిడ ఆస్పత్రి ఫైలు ఫొటోలు తీసి మీ ఫోన్‌లో ఉంచుకోండి. బ్లడ్ గ్రూపు, అవసరమైతే రక్తం ఇచ్చే ఇద్దరి ఫోన్ నంబర్లు, అర్ధరాత్రి నొప్పులొస్తే నరసరావుపేటలో బండి ఎవరిది అన్నవి ఇప్పుడే తేల్చుకోండి. వెళ్లినప్పుడల్లా అత్తయ్యగారి దగ్గర పొత్తిగుడ్డ చుట్టడం, పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తెప్పించడం నేర్చుకోండి. అల్లుడు అడిగితే ఆవిడ మురిసిపోతుంది, నేర్పకుండా ఉండదు.

సోమవారం ఆఫీసులో పితృత్వ సెలవు ఎన్ని రోజులో అడగండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 15 రోజులు ఇస్తారు. ప్రైవేటులో కంపెనీని బట్టి ఉంటుంది, విడతలుగా తీసుకోనిస్తారేమో కనుక్కోండి. ఇస్తే అంతా కాన్పు దగ్గరే వాడేయకండి. సగం దాచి, ఆవిడ బిడ్డతో మియాపూర్ వచ్చిన మొదటి వారానికి పెట్టుకోండి. అప్పుడు రాత్రి లేవడానికి పక్కన వాళ్లమ్మ ఉండదు.